ట్యాంకు నిండుగా ఉన్నా కొళాయి రాకపోతే: నీటి గొట్టాల్లో గాలి అడ్డును గుర్తించడం, తొలగించడం

బస్తర్ పల్లెల్లో ఈ దృశ్యం అరుదైనది కాదు. సౌర ఫలకాలు పనిచేస్తూనే ఉంటాయి. ఇనుప స్తంభాల మీది ట్యాంకు నిండుగా ఉంటుంది. గొట్టం ఎక్కడా పగిలిన జాడ లేదు. అయినా చివరి పారాలోని ఇళ్ల కొళాయిలు రెండు మూడు సార్లు దగ్గినట్టు శబ్దం చేసి, కాస్త గాలి వదిలి ఊరుకుంటాయి. రెండు రోజులు చూసి, పథకం పాడైందని జనం నిర్ణయానికి వస్తారు. ఆడవాళ్లు మళ్లీ బిందెలు పట్టుకుని వాగులోని చెలమ దారి పడతారు. వానాకాలంలో ఆ చెలమ నీరే వాంతులకు, విరేచనాలకు కారణమవుతుంది.

ఇలాంటి సందర్భాల్లో చాలాసార్లు అసలు దోషి గొట్టంలో చిక్కుకున్న గాలి. ప్లంబర్లు దీనినే ఎయిర్ లాక్ అంటారు. తెలుగులో గాలి అడ్డు అనవచ్చు. దీనికి కొత్త గొట్టాలు అక్కరలేదు, కొత్త మోటారు అక్కరలేదు. గాలి ఎక్కడ ఆగిందో గుర్తించి, దానికి బయటికి పోయే దారి చూపితే చాలు. చలిదేశాల్లో ఇళ్లను వెచ్చగా ఉంచే రేడియేటర్లలో గాలి చేరినప్పుడు చేసే పని కూడా సరిగ్గా ఇదే. ఊరి గొట్టం, ఇంటి మీది ట్యాంకు, సోలార్ వాటర్ హీటర్, రేడియేటర్ అనే నాలుగు చోట్ల ఈ సమస్యను ఎలా గుర్తించాలో, ఎలా తొలగించాలో ఈ వ్యాసం వివరిస్తుంది.

బస్తర్‌లో ఈ సమస్య ఎందుకు ఎక్కువ?

బస్తర్, కాంకేర్, కొండగావ్, నారాయణ్‌పుర్, దంతెవాడ, బీజాపుర్, సుక్మా అనే ఏడు జిల్లాలు కలిసి బస్తర్ డివిజన్. కొంటా, భోపాల్‌పట్నం వంటి సరిహద్దు ప్రాంతాల్లో తెలుగు మాట్లాడేవారు గణనీయంగా ఉన్నారు. ఈ నేల సమతలం కాదు. గుట్టలు, వాగులు, వాలు పొలాల మధ్య ఊరు ఒకేచోట గుంపుగా కాక, పారాలుగా విడివిడిగా పరుచుకుని ఉంటుంది. అందువల్ల ట్యాంకు నుంచి ఇంటికి చేరే గొట్టం పొడవుగా ఉంటుంది. పైగా నేలను అనుసరించి ఎక్కుతూ దిగుతూ సాగుతుంది. గాలి చిక్కుకోవడానికి ఇంతకంటే అనువైన ఏర్పాటు లేదు.

రెండో కారణం సౌరశక్తి. విద్యుత్ తీగలు చేరని లేదా కరెంటు నిలకడగా లేని పల్లెల్లో ఛత్తీస్‌గఢ్ పునరుత్పాదక ఇంధన సంస్థ క్రెడా సోలార్ డ్యూయల్ పంపులను ఏర్పాటు చేస్తూ వచ్చింది. ఒకే బోరులో చేతిపంపు, దానితో పాటు సౌరశక్తితో నడిచే మోటారు ఉంటాయి. ఎండ ఉన్నంతసేపు మోటారు నీటిని పై ట్యాంకులోకి తోడుతుంది. సాయంత్రం వాడకంలో ట్యాంకు ఖాళీ అవుతుంది. ట్యాంకుతో పాటు గొట్టం కూడా ఖాళీ అయితే ఆ ఖాళీలోకి గాలి చొరబడుతుంది. మరునాడు నీరు తిరిగి వచ్చినప్పుడు ఆ గాలి మొత్తం బయటికి పోదు. ముసురు పట్టిన రోజుల్లో ట్యాంకు సగమే నిండుతుంది కనుక ఇబ్బంది ఇంకా పెరుగుతుంది.

2019 ఆగస్టు 15న ప్రకటించిన జల్ జీవన్ మిషన్ ప్రతి గ్రామీణ ఇంటికీ కొళాయి ద్వారా మనిషికి రోజుకు 55 లీటర్ల నీరు అందించాలని లక్ష్యంగా పెట్టుకుంది. 2024 నాటికి అనుకున్న ఆ గడువును 2028 వరకు పొడిగించారు. కొళాయి బిగించడంతో ఆ లక్ష్యం నెరవేరదు. అది రోజూ నీరివ్వాలి. ఇచ్చేలా చూసుకునే బాధ్యతలో ఎక్కువ భాగం గ్రామ నీటి, పారిశుధ్య కమిటీదే. ఆ కమిటీలో సగం మంది మహిళలు ఉండాలని మార్గదర్శకాలు చెబుతున్నాయి. గాలి తీసే పని తెలిసినవారు కమిటీలో ఇద్దరున్నా, ఊరు మెకానిక్ కోసం వారాల తరబడి ఎదురుచూడవలసిన అవసరం తప్పుతుంది.

ఇంత తేలికైన గాలి అంత బరువైన నీటిని ఎలా ఆపుతుంది?

నీటితో పోలిస్తే గాలి సుమారు 800 రెట్లు తేలిక. అందుకే గొట్టంలో అది ఎప్పుడూ ఎత్తైన చోటును వెతుక్కుంటుంది. గొట్టం ఒక గుట్ట ఎక్కి దిగుతున్నదనుకుందాం. గుట్ట ఎక్కే భాగంలో నీరు నిండి ఉంటుంది. శిఖరం దాటి దిగే భాగంలో గాలి తిష్ఠ వేస్తుంది. ట్యాంకు ఎత్తు ఇచ్చే ఒత్తిడి నీటిని గుట్ట మీదికి ఎక్కించడానికి ఖర్చవుతుంది. మామూలుగా అయితే అటువైపు దిగే నీటి బరువు ఆ ఖర్చును తిరిగి చెల్లిస్తుంది. కానీ అక్కడ ఉన్నది గాలి. నీటితో పోలిస్తే గాలి బరువు దాదాపు లేనట్టే కనుక చెల్లింపు జరగదు. ఆ గాలి స్తంభం నిలువు ఎత్తు ఎంతో, అంత ఒత్తిడిని ఆ గుట్ట దగ్గరే కోల్పోయినట్టు లెక్క.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ట్యాంకులోని నీటిమట్టం కొళాయి కంటే 9 మీటర్ల ఎత్తున ఉంది. దారిలో మూడు గుట్టలున్నాయి. ఒక్కో గుట్టకు అవతల 3 మీటర్ల నిలువు ఎత్తున గాలి నిలిచింది. మొదటి గుట్ట దగ్గర 3 మీటర్ల ఒత్తిడి పోతుంది, రెండోదాని దగ్గర మరో 3, మూడోదాని దగ్గర చివరి 3. మిగిలింది సున్నా. ట్యాంకు నిండుగా ఉన్నా కొళాయి ఎండిపోతుంది. రెండు గుట్టల దగ్గరే గాలి ఉంటే 3 మీటర్ల ఒత్తిడి మిగులుతుంది, నీరు సన్నగా వస్తుంది. ఒక ఇంట్లో బొత్తిగా రాకపోవడానికి, మరో ఇంట్లో సన్నగా రావడానికి కారణం చాలాసార్లు ఇదే.

గాలి ఎక్కడి నుంచి వస్తుంది?

గొట్టంలోకి గాలి చేరడానికి ప్రధానంగా నాలుగు దారులున్నాయి.

మొదటిది, ట్యాంకు పూర్తిగా ఖాళీ కావడం. పైన చెప్పిన సౌర పంపుల ఊళ్లలో అన్నింటికంటే పెద్ద కారణం ఇదే.

రెండోది, మరమ్మతు. గొట్టం కోసి అతికించిన తర్వాత లోపలి గాలిని బయటికి పంపకుండానే వాల్వ్ తెరుస్తారు. మరమ్మతుకు ముందు వచ్చిన నీరు మరమ్మతు తర్వాత రాకపోతే మొదట గాలినే అనుమానించాలి.

మూడోది, నీటిలోనే కరిగి ఉన్న గాలి. చల్లని నీరు ఎక్కువ గాలిని కరిగించుకుంటుంది, వేడెక్కితే వదిలేస్తుంది. 20 డిగ్రీల సెల్సియస్ వద్ద లీటరు నీటిలో సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది. 60 డిగ్రీల వద్ద అది దాదాపు సగానికి పడిపోతుంది. పొయ్యి మీది గిన్నెలో నీరు మరగడానికి చాలా ముందే అడుగున చిన్న చిన్న బుడగలు కనిపించేది అందుకే. వేడినీటి గొట్టాల్లో, రేడియేటర్లలో గాలి పదేపదే చేరడానికి ఇదొక మూలం.

నాలుగోది, వదులుగా ఉన్న అతుకులు. నీరు పారుతూ గొట్టంలో ఒత్తిడి బయటి గాలి కంటే తగ్గిన చోట, అతుకు నీటిని బయటికి వదలదు, గాలిని లోపలికి పీలుస్తుంది. పైకి తడి కనిపించదు కనుక ఈ లోపాన్ని కనిపెట్టడం కష్టం.

ముందుగా జబ్బు గుర్తించాలి

కొళాయి రాకపోవడానికి గాలి ఒక్కటే కారణం కాదు. పానా పట్టుకునే ముందు ఈ క్రమంలో పరిశీలించాలి.

ఒకటి: ట్యాంకులో నీరుందా? నిచ్చెన ఎక్కి చూడటం ప్రమాదమనుకుంటే, ట్యాంకు బయటి గోడ మీద చేయి ఆన్చినా, తట్టినా నీటిమట్టం తెలుస్తుంది. ట్యాంకు ఖాళీగా ఉంటే లోపం పంపులోనో, ఫలకాల్లోనో, బోరులోనో ఉంది.

రెండు: దారిలోని వాల్వులన్నీ తెరిచి ఉన్నాయా? ఒక పారాకు నీరు మళ్లించడానికి మూసిన వాల్వును మరిచిపోవడం మామూలు పొరపాటు.

మూడు: దారిలో ఎక్కడైనా నేల అకారణంగా తడిగా, పచ్చగా ఉందా? అయితే అది కారుడు.

నాలుగు: కొళాయి తిప్పినప్పుడు ఏం వినిపిస్తోంది? బుస్సుమనే శబ్దం, దగ్గు, ఆగి ఆగి చిమ్మే నీరు గాలికి గుర్తులు. ఏ శబ్దమూ లేకుండా సన్నని ధార మాత్రమే వస్తూ ఉంటే పూడిక కావచ్చు.

ఐదు: వచ్చిన కాస్త నీటిని గాజు గ్లాసులో పట్టి చూడాలి. నీరు పాలలా తెల్లగా ఉండి, ఒకటి రెండు నిమిషాల్లో అడుగు నుంచి పైకి తేటపడుతూ వస్తే అది గాలి. బుడగలు పైకి లేచిపోతున్నాయన్నమాట. పై నుంచి కిందికి తేటపడి, అడుగున మడ్డి పేరుకుంటే అది మట్టి. ఎర్రగా ఉండి, గ్లాసులో తుప్పు రంగు మిగిలితే అది ఇనుము. ఇనుప ఖనిజానికి పేరొందిన బైలాడిలా కొండలు ఈ డివిజన్‌లోనివే. ఇనుము పాలు ఎక్కువున్న నీరు గొట్టాల్లో ఎర్రని పొరగా పేరుకుని దారిని ఇరుకు చేస్తుంది. దాన్ని కడిగి తీయాలి తప్ప గాలి వదిలితే లాభం లేదు.

ఆరు: పారదర్శక గొట్టం పరీక్ష. ఇది అన్నింటికంటే నమ్మదగినది. ఆ లైనులోని కొళాయిలన్నీ మూసి, వాల్వులన్నీ తెరిచి, అనుమానమున్న కొళాయికి సన్నని పారదర్శక ప్లాస్టిక్ గొట్టం తగిలించి, రెండో కొసను నిలువుగా పైకి ఎత్తి పట్టుకోవాలి. కొళాయి తిప్పితే గొట్టంలోకి నీరెక్కి ఒకచోట నిలుస్తుంది. అడ్డంకి లేకపోతే ఆ మట్టం ట్యాంకులోని నీటిమట్టంతో సమానంగా ఉండాలి. అంతకంటే 2 మీటర్లు తక్కువ ఉంటే, దారిలో మొత్తం 2 మీటర్ల ఎత్తు గాలి స్తంభాలు ఉన్నాయని అర్థం. మట్టం సమానంగానే ఉండి, పక్క కొళాయి తిప్పగానే ఒక్కసారిగా పడిపోతే అది గాలి కాదు, పూడిక లేదా సగం మూసిన వాల్వ్.

ట్యాంకు మరీ ఎత్తుగా ఉంటే గొట్టానికి బదులు ఒత్తిడి మీటరు వాడవచ్చు. 10 మీటర్ల నీటి ఎత్తు సుమారు చదరపు సెంటీమీటరుకు 1 కిలో ఒత్తిడికి సమానం. 9 మీటర్ల ఎత్తున ట్యాంకు ఉంటే మీటరు దాదాపు 0.9 చూపాలి. 0.3 చూపితే 6 మీటర్ల ఒత్తిడి దారిలో పోయింది.

చేతిపంపు విషయం వేరు. చాలాసేపు కొడితే గాని నీరు రాకపోవడం సాధారణంగా అడుగు వాల్వ్ అరిగిపోయి నీరు తిరిగి బోరులోకి జారిపోతోందని చెప్పే గుర్తు. దానికి గాలి తీసే చికిత్స పనిచేయదు. వాషర్ లేదా వాల్వ్ మార్చాలి.

ఊరి గొట్టంలో గాలి తీయడం

ఈ పనికి ఇద్దరు ముగ్గురు మనుషులు, ఒక పానా, రెండు గంటల సమయం కావాలి. ట్యాంకు నిండిన మధ్యాహ్న వేళ అనుకూలమైనది.

మొదట ఇళ్ల కొళాయిలన్నీ మూయించాలి. ట్యాంకు కింది ప్రధాన వాల్వ్ మూసి, ట్యాంకును పూర్తిగా నింపాలి. లైను చివరన, పల్లపు చోట ఉండే వాషౌట్ వాల్వును తెరిచి ఉంచాలి. ఆ తర్వాత ప్రధాన వాల్వును నెమ్మదిగా, పావు చుట్టు చొప్పున తెరవాలి. ఒక్కసారిగా తెరిస్తే ముందున్న గాలి నొక్కుకుపోయి, వెనక వచ్చే నీరు సుత్తితో కొట్టినట్టు అతుకులను తాకుతుంది. అతుకులు ఊడిపోయే ప్రమాదముంది.

తరువాత ట్యాంకు వైపు నుంచి మొదలుపెట్టి, ఒక్కో ఎత్తైన చోటుకూ వరుసగా వెళ్లాలి. అక్కడున్న ఎయిర్ వాల్వును కొద్దిగా తెరవాలి. మొదట బుస్సుమని గాలి, తర్వాత గాలితో కలిసిన నీరు, చివరికి శబ్దం లేని నీటిధార వస్తాయి. ధార నిలకడగా వచ్చాకే మూయాలి. తొందరపడి మధ్యలో మూస్తే పని సగమే అయినట్టు. మొదటి గుట్ట పూర్తయ్యాకే రెండో గుట్టకు వెళ్లాలి. వరుస తప్పితే వెనక మిగిలిన గాలి మళ్లీ ముందుకు జరుగుతుంది.

వాషౌట్ దగ్గర నీరు పూర్తి ధారగా, తేటగా వచ్చాక దాన్ని మూసి, ఇళ్ల కొళాయిలను పల్లంలో ఉన్నవి ముందు, ఎత్తున ఉన్నవి తర్వాత ఒక్కొక్కటిగా తెరిపించాలి. చివరగా నీటిలో క్లోరిన్ మిగులు పరీక్షించాలి. తాగునీటిలో లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల మిగులు క్లోరిన్ ఉండాలని భారతీయ ప్రమాణాలు చెబుతాయి. జల్ జీవన్ మిషన్ కింద ప్రతి ఊళ్లో ఐదుగురు మహిళలకు పరీక్షా కిట్ వాడకంలో శిక్షణ ఇవ్వాలన్న ఏర్పాటు ఉంది. ఆ శిక్షణ ఇటువంటి రోజునే అక్కరకు వస్తుంది.

ఎత్తైన చోట్ల ఎయిర్ వాల్వులే లేకపోతే అది నిర్మాణ లోపం. గాలిని ప్రతిసారీ తంటాలు పడి తీయడం కంటే, కమిటీ తీర్మానం చేసి, వాల్వులు బిగించాలని లోక్ స్వాస్థ్య యాంత్రికి విభాగాన్ని, అంటే ప్రజారోగ్య ఇంజనీరింగ్ శాఖను రాతపూర్వకంగా కోరడం మంచిది. ఏ గుట్ట దగ్గర, ఎన్ని ఇళ్లకు నీరు ఆగుతోందో, మీటరు ఎంత ఒత్తిడి చూపిందో ఆ అర్జీలో రాస్తే ఇంజనీరుకు పని సులువవుతుంది.

ఇంటి మీది ట్యాంకు

జగదల్‌పుర్, దంతెవాడ వంటి పట్టణాల్లోనూ, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఇళ్లలోనూ డాబా మీది ట్యాంకు కడిగిన మరునాడు ఒక గదిలో కొళాయి రాకపోవడం అందరికీ అనుభవమే. ఇక్కడ ఒత్తిడి 3 నుంచి 6 మీటర్లే కనుక కొద్దిపాటి గాలి కూడా నీటిని ఆపగలదు.

మొదట ట్యాంకును నిండా నింపి, ఇంట్లో అన్నింటికంటే కింద ఉన్న కొళాయిని పూర్తిగా తెరిచి పది నిమిషాలు వదలాలి. వేగంగా పారే నీరు గాలిని తనతో లాక్కుపోతుంది. అది చాలకపోతే వెనక్కి నెట్టే పద్ధతి ఉంది. మోటారు నుంచి గాని, మున్సిపల్ లైను నుంచి గాని నేరుగా వచ్చే, ఒత్తిడి ఉన్న కొళాయికి ఒక రబ్బరు గొట్టం తగిలించి, రెండో కొసను ఆగిపోయిన కొళాయికి గట్టిగా బిగించి, రెండింటినీ తెరవాలి. నీరు వెనక నుంచి నెడుతూ గాలిని ట్యాంకులోకి పంపేస్తుంది. ట్యాంకులో బుడబుడ శబ్దం వినిపించి ఆగిన తర్వాత ముందు ఒత్తిడి ఉన్న కొళాయిని మూసి, ఆపై గొట్టం తీయాలి. తాగడానికి వాడే ట్యాంకులోకి శుభ్రమైన నీటిని మాత్రమే ఇలా పంపాలి. గొట్టం కూడా శుభ్రమైనదై ఉండాలి.

సోలార్ వాటర్ హీటర్, గీజర్

డిసెంబరు, జనవరి నెలల్లో బస్తర్ పీఠభూమి మీద తెల్లవారుజామున చలి బాగా కొరుకుతుంది. హాస్టళ్లు, ఆసుపత్రులు, కొన్ని ఇళ్లు డాబా మీది సోలార్ హీటర్‌ను నమ్ముకుంటాయి. దీనిలో పంపు ఉండదు. ఎండకు వేడెక్కిన నీరు తేలికై పైనున్న ట్యాంకులోకి ఎగబాకుతుంది, ట్యాంకు అడుగున ఉన్న చల్లని నీరు దాని స్థానంలోకి దిగుతుంది. ఈ ప్రవాహం చాలా బలహీనమైనది. గొట్టం ఒక్కచోట కుంగి, ఆపై లేచినా అక్కడ గాలి చేరి ప్రవాహం ఆగిపోతుంది.

రెండు లక్షణాలను విడిగా చూడాలి. చల్లని కొళాయి వస్తూ వేడి కొళాయి మాత్రం రాకపోతే గాలి ట్యాంకు నుంచి ఇంట్లోకి వచ్చే గొట్టంలో ఉంది. రెండు కొళాయిలూ వస్తున్నా, మంచి ఎండ కాసిన రోజు సాయంత్రం కూడా నీరు చల్లగా ఉంటే గాలి ఫలకానికి, ట్యాంకుకు మధ్య ఉంది.

రెండింటిలోనూ మొదట చూడవలసింది ట్యాంకు పైనుంచి నిలువుగా ఉండే గాలి గొట్టం. అది చల్లని నీటి ట్యాంకు మట్టం కంటే ఎత్తుగా, మూత లేకుండా ఉండాలి. కందిరీగల గూడు, ఆకులు దాన్ని మూసేస్తే గాలి పోయే దారే ఉండదు. రెండోది, చల్లని నీటి ట్యాంకు ఎప్పుడైనా పూర్తిగా ఖాళీ అయిందా అన్నది. మూడోది, ఫలకం నుంచి ట్యాంకుకు వెళ్లే గొట్టం ఆసాంతం ఎగువకే సాగుతోందా అన్నది.

గాలి తీయడం ఎండ ఎక్కకముందే, తెల్లవారుజామున చేయాలి. పగటిపూట తప్పనిసరి అయితే ఫలకం మీద మందపాటి గుడ్డ కప్పి, చల్లారే వరకు ఆగాలి. చల్లని ట్యాంకు నింపి, కింది అంతస్తులోని వేడి కొళాయి తెరవాలి. రాకపోతే చల్లని, వేడి నీళ్లు కలిసే మిక్సర్ కొళాయి మూతిని అరచేత్తో గట్టిగా మూసి రెండు పిడులూ తిప్పితే, చల్లని నీటి ఒత్తిడి వేడి గొట్టంలోని గాలిని వెనక్కి నెడుతుంది. చల్లని నీటికి మోటారు ఒత్తిడి ఉన్న ఇళ్లలో ఈ ఉపాయం బాగా పనిచేస్తుంది.

గాజు గొట్టాల హీటర్ ఎండలో ఖాళీగా ఉండిపోతే దానిలోకి వెంటనే చల్లని నీరు వదలకూడదు. కాగిన గాజు పగిలిపోతుంది. ఆవిరి చిమ్మి ముఖం కాలే ప్రమాదమూ ఉంది. 60 డిగ్రీల నీరు కొద్ది సెకన్లలోనే చర్మాన్ని లోతుగా కాల్చగలదు. ఎలక్ట్రిక్ గీజర్ ఉన్నవారు వేడి కొళాయిలో నీరు నిలకడగా వస్తోందని చూశాకే స్విచ్ వేయాలి. గాలి నిండిన గీజర్‌లో కాయిల్ నీరు లేకుండా వేడెక్కి మాడిపోతుంది. స్విచ్ ఆపకుండా గీజర్ గొట్టాలను ముట్టుకోకూడదు.

చలిదేశాల్లో రేడియేటర్

చదువుకో, ఉద్యోగానికో బ్రిటన్, ఐర్లాండ్, జర్మనీ చేరిన తెలుగువారికి తొలి శీతాకాలంలో ఎదురయ్యే కొత్త వస్తువు గోడకు బిగించిన ఇనుప రేడియేటర్. బాయిలర్‌లో కాగిన నీరు పంపు సాయంతో ఇంట్లోని రేడియేటర్లన్నింటిలో తిరిగి, చల్లారి, మళ్లీ బాయిలర్‌కే చేరుతుంది. మన కొళాయి లైనుకూ దీనికీ తేడా ఒక్కటే, ఇందులోని నీరు బయటికి రాదు. గాలి చిక్కుకునే తీరు మాత్రం అదే.

చేత్తో తడిమి చూస్తే చాలావరకు తెలిసిపోతుంది. రేడియేటర్ కింద వేడిగా, పైన చల్లగా ఉంటే గాలి చేరింది. పైన వేడిగా, కింద మధ్యభాగంలో చల్లగా ఉంటే తుప్పు మడ్డి పేరుకుంది. దాన్ని గాలి తీసి బాగుచేయలేరు, కడిగించాలి. ఒక్క రేడియేటర్ పూర్తిగా చల్లగా ఉండి మిగతావి బాగుంటే పక్కనున్న థర్మోస్టాట్ వాల్వ్ బిగుసుకుపోయి ఉండవచ్చు. ఇల్లంతా చల్లగా ఉంటే బాయిలర్‌నో, పంపునో, నీటి ఒత్తిడినో చూడాలి.

గాలి తీయడానికి హీటింగ్ ఆపి, రేడియేటర్లు చల్లారే వరకు ఆగాలి. పై మూలలో చిన్న చతురస్రపు మేకులాంటి బ్లీడ్ వాల్వ్ ఉంటుంది. దానికి సరిపోయే తాళంచెవి హార్డ్‌వేర్ దుకాణాల్లో దొరుకుతుంది. కింద గిన్నె, చేతిలో పాతగుడ్డ పెట్టుకుని, తాళంచెవిని ఎడమవైపుకు పావు చుట్టు నుంచి అర చుట్టు వరకు మాత్రమే తిప్పాలి. బుస్సుమనే శబ్దం ఆగి నీరు నిలకడగా కారగానే మూయాలి. వాల్వును పూర్తిగా ఊడదీస్తే నల్లని నీరు గదిలో చిమ్ముతుంది. కింది అంతస్తు రేడియేటర్లతో మొదలుపెట్టి పై అంతస్తుతో ముగించాలి.

చివరగా బాయిలర్ మీది ఒత్తిడి మీటరు చూడాలి. గాలి బయటికి పోయినంత మేర ఒత్తిడి తగ్గుతుంది. చల్లగా ఉన్నప్పుడు సాధారణంగా అది 1 నుంచి 1.5 బార్ మధ్య ఉండాలి. తగ్గితే బాయిలర్ పుస్తకంలో చెప్పిన ప్రకారం నీరు నింపి, నింపే వాల్వును మరవకుండా మూయాలి. వారానికోసారి గాలి తీయవలసి వస్తుంటే ఎక్కడో కారుతోంది, లేదా లోపలి లోహం తుప్పు పడుతూ వాయువును పుట్టిస్తోంది. అద్దె ఇల్లయితే ఇంటి యజమానికి రాతపూర్వకంగా తెలియజేయాలి. గాలి తీయడం వరకు ఎవరైనా చేసుకోవచ్చు. బాయిలర్ గ్యాస్ భాగాలను మాత్రం ముట్టుకోకూడదు. బ్రిటన్‌లో ఆ పనిని గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో నమోదైన ఇంజనీరే చేయాలి.

చేయకూడని పనులు

కొళాయికి నోరు పెట్టి గాలి పీల్చకూడదు. పిల్లలు సరదాగా చేసే ఈ పనిలో గొట్టంలోని మురుగు నేరుగా కడుపులోకి చేరుతుంది.

గొట్టానికి మేకుతో చిల్లు పొడిచి గాలి వదలకూడదు. ఆ క్షణానికి ఫలితం కనిపిస్తుంది. కానీ ట్యాంకు ఖాళీ అయిన రాత్రి గొట్టంలో ఒత్తిడి పడిపోయి, అదే చిల్లు చుట్టుపక్కల బురదనీటిని లోపలికి పీలుస్తుంది. మరునాటి ఉదయం ఆ నీరు ఊరంతటికీ చేరుతుంది.

కొళాయికి నేరుగా మోటారు బిగించి నీరు లాగకూడదు. పై ఇంటివారికి నీరు రాకుండా పోవడమే కాక, ప్రతి వదులు అతుకులోంచీ గాలి, మురుగు లోనికి చొరబడతాయి.

చలికి వేడినీరు రాలేదని మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకోకూడదు. దాని నుంచి వెలువడే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

మళ్లీ రాకుండా ఏం చేయాలి?

సౌర పంపులున్న ఊళ్లకు అన్నింటికంటే చవకైన జాగ్రత్త ఒకటుంది. ట్యాంకు పూర్తిగా ఖాళీ కాకముందే, అడుగున కొంత నీరు ఉండగానే, సాయంత్రం ప్రధాన వాల్వును మూసేయాలి. ఇళ్ల కొళాయిలు కూడా మూసి ఉంటే గొట్టం రాత్రంతా నీటితో నిండి ఉంటుంది, గాలికి చోటుండదు. ఉదయం ట్యాంకులోకి నీరు చేరాక వాల్వును నెమ్మదిగా తెరవాలి. నీరు విడుదల చేసే సమయాలను కమిటీ నిర్ణయించి, వాల్వ్ బాధ్యతను ఒకరికి అప్పగించాలి. కొళాయిలకు పిడులు లేక నీరు వృథాగా పోతున్న ఊళ్లో ఈ జాగ్రత్త ఫలించదు. కనుక విరిగిన పిడులను ముందు మార్చాలి.

కొత్తగా గొట్టం వేస్తున్నప్పుడు వాలు సమంగా ఉండేలా కందకం తవ్వించడం, ఎత్తైన ప్రతిచోటా ఎయిర్ వాల్వ్, పల్లపు ప్రతిచోటా వాషౌట్ పెట్టించడం, వాటి స్థానాలను ఒక కాగితం మీద గీసి పంచాయతీలో ఉంచడం అవసరం. పదేళ్ల తర్వాత వచ్చే మెకానిక్‌కు ఆ కాగితమే దారి చూపుతుంది. వాల్వ్ గదులను వానలకు ముందు ఒకసారి, చలికి ముందు ఒకసారి శుభ్రం చేయించాలి.

ఇంతా చేసినా నీరు రాకపోతే, పరీక్షలు అడ్డు ఉన్న చోటును చూపలేకపోతే, శాఖ మెకానిక్‌ను పిలవాలి. అంతవరకు చేతిపంపు నీటిని గాని, కాచి చల్లార్చిన నీటిని గాని తాగాలి. కొళాయి ఆగిన రోజే విషయాన్ని కమిటీ పుస్తకంలో రాయడం కూడా ముఖ్యం. ఏ పారాకు, ఏ తేదీన, ఎన్ని రోజులు నీరు ఆగిందో ఆ పుస్తకంలో ఉంటే, పథకం పాడైందా, లేక గుట్ట మీద ఒక వాల్వ్ బిగిస్తే సరిపోతుందా అన్నది తేల్చడం తేలికవుతుంది.